ఇంటికి నెట్ పెట్టించుకోవడం: స్తంభం మీది డబ్బా నుంచి హాల్లో రౌటర్ దాకా

మా ఇంటికి నెట్ వచ్చిన రెండో నెలలో పక్క బిల్డింగ్ వాళ్లు దసరాకి రంగులు వేయించుకున్నారు. రంగులేసే కుర్రాడికి పిట్టగోడ మీద నల్లటి తీగ ఒకటి అడ్డొచ్చింది. కోసి కింద పడేశాడు. ఆ తీగ మాది. మూడు వారాలు నెట్ లేదు. ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే, "పక్కవాళ్లు మళ్లీ వెయ్యనివ్వట్లేదు సార్" అన్నాడు. పక్కింటాయన్ని అడిగితే, "మొదట వేసినప్పుడు నన్నెవరడిగారండీ?" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. రూటు చూసుకోకుండా ఆరు నెలల డబ్బు ఒకేసారి కట్టేసింది నేను.

అందుకే ఎవరు అడిగినా ముందు ఇదే చెప్తాను. స్పీడూ రేటూ తర్వాత. స్తంభం దగ్గర్నుంచి మీ గోడ దాకా తీగ ఎవరెవరి జాగా మీదుగా వస్తుందో, ఆ ముక్క తెగితే ఎవరు బాగుచేయాలో ముందు తేల్చుకోండి. నెట్ సమస్యల్లో సగం ఆ జాగాల గొడవే.

ముందు లైను ఏ రకమో కనుక్కోండి

"కేబుల్ నెట్" అని మనం అలవాటుగా అనేదాంట్లో మూడు రకాలున్నాయి. మొదటిది టీవీ కేబుల్ లాంటి లావుపాటి కోయాక్సియల్ తీగ మీద మోడెమ్‌తో వచ్చేది. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. వాళ్లు సెలవులకి వస్తూ "బాగా పనిచేస్తుంది, వాడుకో" అని తమ కేబుల్ మోడెమ్ తెచ్చిస్తుంటారు. ఇక్కడి ఫైబర్ లైనుకి, అంటే వెలుగుని మోసే సన్నటి గాజు పోగుకి, అది పనికిరాదు. వైఫై రౌటర్ అయితే వాడుకోవచ్చు, అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూసి మరీ గుచ్చండి.

రెండోది, ఒక బిల్డింగ్ దాకా ఫైబర్ తెచ్చి, అక్కడ మెట్ల కింద స్విచ్ డబ్బా పెట్టి, ఇంటింటికీ నీలం రంగు ల్యాన్ తీగ లాగేది. హైదరాబాద్ పాత కాలనీల్లో ఇంకా ఉంది. దీంతో రెండు బాధలు. మెట్ల కింద కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ ఉండదు. డాబాల మీదుగా వచ్చే రాగి తీగ కాబట్టి దగ్గర్లో పిడుగు పడితే రౌటర్ పోర్టు కాలిపోతుంది.

మూడోది నేరుగా ఇంట్లోకి వచ్చే ఫైబర్. దొరికితే ఇదే తీసుకోండి. మీ వీధి చివర డబ్బాలో స్ప్లిటర్ అనే చిన్న గాజు ముక్క ఒకే ఫైబర్ వెలుగుని ఎనిమిది, పదహారు ఇళ్లకి పంచుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్ మీద మొత్తం 2.5 గిగాబిట్లు దిగుతాయి, ఆ ఫైబర్ మీదున్న ఇళ్లన్నీ దాన్నే పంచుకుంటాయి. రాత్రి తొమ్మిదింటికి క్రికెట్ మ్యాచ్ ఉంటే స్పీడ్ తగ్గడానికి ఇదొక కారణం. కంపెనీ కొన్న బ్యాండ్‌విడ్త్ (మొత్తం నెట్ సామర్థ్యం) చాలకపోవడం ఇంకో కారణం. రెండోదే ఎక్కువ చూస్తాం.

అమ్ముతున్నది ఎవరు?

వీధిలో నెట్ ఇచ్చే కేబుల్ అబ్బాయికి సొంతంగా ఇంటర్నెట్ లైసెన్స్ ఉండకపోవచ్చు. ఉండాల్సిన పనీ లేదు. టీవీ కేబుల్ నడపడానికి ఆయనకి 1995 నాటి కేబుల్ టీవీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆ రిజిస్ట్రేషన్‌తో నెట్ అమ్మకూడదు. అయితే కేంద్ర టెలికాం శాఖ దగ్గర లైసెన్స్ ఉన్న ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే) కంపెనీకి ఏజెంటుగా, ఫ్రాంచైజీగా మీ ఇంటిదాకా లైను లాగొచ్చు. కేబుల్ ఆపరేటర్లు తమ తీగల్ని, స్తంభాల్ని బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలతో పంచుకోవచ్చని 2023లో నిబంధనలు కూడా సవరించారు.

ఐఎస్‌పీ లైసెన్సులు మూడు కేటగిరీలుగా ఇస్తూ వచ్చారు. ఏ అంటే దేశమంతా, బీ అంటే ఒక సర్కిల్ (దాదాపు ఒక రాష్ట్రమంత ప్రాంతం), సీ అంటే దాదాపు ఒక జిల్లా అంత ప్రాంతం. లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ కలిసే ఒక సర్కిల్. చిన్న లైసెన్స్ అయినంత మాత్రాన చెడ్డ నెట్ అని కాదు. మా ఊళ్లో సీ కేటగిరీ ఆపరేటర్ అర్ధరాత్రి వానలో కూడా వచ్చి లైను కలిపి వెళ్తాడు.

చూడాల్సింది ఒక్కటే: బిల్లు ఎవరి పేరు మీద వస్తోంది? దాని మీద కంపెనీ పేరు, జీఎస్‌టీ నంబరు, మీ యూజర్ ఐడీ ఉండాలి. ఫోన్‌పేలో ఎవరో వ్యక్తి పేరుకి డబ్బు పంపించి, "రశీదు వాట్సాప్‌లో పెడతా అన్నా" అంటే ఒప్పుకోకండి. రేపు ఫిర్యాదు చేయాలంటే మీ చేతిలో కాగితం ఉండాలి.

ప్రభుత్వ లైన్లనీ మర్చిపోకండి. ఏపీ ఫైబర్‌నెట్‌ని 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. మొదట్లో నెలకి 149 రూపాయల ప్యాకేజీతో నెట్, టీవీ, ఫోన్ కలిపి ఇచ్చారు. అది కరెంటు స్తంభాల మీదుగా పాకి, ఊరి కేబుల్ ఆపరేటర్ చేతుల మీదుగా ఇంట్లోకి వస్తుంది. తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ నీళ్ల పైపులకి తవ్విన కాలువల్లోనే ఫైబర్ గొట్టాలూ వేశారు. పల్లెల్లో ఉన్నవాళ్లు ప్రైవేటు కంపెనీకి ఫోన్ చేసే ముందు పంచాయతీ ఆఫీసులో ఒకసారి అడగడం మంచిది.

రూటు నడిచి చూడండి

ఇది పావుగంట పని. చాలామంది చేయరు. టెక్నీషియన్‌తో కలిసి మీ లైను మొదలయ్యే డబ్బా దాకా నడవండి. అక్కడి నుంచి మీ ఇంటి వైపు తలెత్తి చూసుకుంటూ రండి. తీగ ఏ స్తంభం ఎక్కుతుంది, ఏ డాబా దాటుతుంది, ఏ చెట్టు కొమ్మల్లోంచి వస్తుంది? ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకోండి.

స్తంభం విద్యుత్ సంస్థది. దానికి తీగ కట్టడానికి అనుమతి తెచ్చుకోవాల్సింది కంపెనీ, మీరు కాదు. కానీ ఆ అనుమతి లేకపోతే నష్టపోయేది మీరే. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది నగరమంతా స్తంభాల మీద వేలాడే కేబుళ్లను కోసుకుంటూ పోయారు. వేల ఇళ్లలో నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. కోసింది తప్పా, అలా వేలాడదీసింది తప్పా అంటే నేను రెండో దానివైపే ఉంటాను. మనిషి తలకి తగిలేంత కిందికి జారిన తీగల గుత్తులు ఏ వీధిలో లేవు?

వీధి తవ్వడానికి, స్తంభం వాడుకోవడానికి కంపెనీలు తీసుకునే అనుమతిని రైట్ ఆఫ్ వే అంటారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద దీనికి కొత్త నిబంధనలు వచ్చాయి, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. మనకి పనికొచ్చే ముక్క ఏమిటంటే, ప్రైవేటు జాగాలో తీగ వేయాలంటే కంపెనీ ఆ యజమానితో మాట్లాడి ఒప్పందం చేసుకోవాలి. పక్కింటి పిట్టగోడ కూడా ప్రైవేటు జాగానే.

కాబట్టి పక్కవాళ్ల డాబా దాటక తప్పకపోతే మీరే వెళ్లి అడగండి. "బాబాయ్‌గారూ, మీ డాబా చివరగా ఒక సన్న తీగ వెళ్తుంది. రంగులేయిస్తే ఒక మాట చెప్పండి, జరిపిస్తాను" అంటే కాదనేవాళ్లు తక్కువ. అడక్కుండా వేసేస్తేనే కత్తెర బయటికి వస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే

ఇక్కడ గోడ అసోసియేషన్‌ది. కొన్ని గేటెడ్ కమ్యూనిటీల్లో ఒకే కంపెనీని లోపలికి రానిచ్చి మిగతావాళ్లని గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ కంపెనీ అసోసియేషన్‌కి ఏదో ముట్టజెప్పి ఉంటుంది, లేదా బిల్డర్ కట్టేటప్పుడే ఒప్పందం రాసుకుని ఉంటాడు. అందరికీ సమానంగా దారివ్వాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎన్నాళ్లుగానో చెబుతున్న మాటే. భవనాల్లో నెట్, ఫోన్ సిగ్నల్ ఎలా ఉన్నాయో చూసి రేటింగ్ ఇచ్చే నిబంధనలు కూడా 2024 అక్టోబర్‌లో తెచ్చింది. అయితే నిబంధన చేతబట్టుకుని సెక్రటరీ తలుపు తడితే పని జరగదు.

పని జరిగే దారి ఇది. మీలాగే వేరే కంపెనీ కావాలనుకునే నాలుగైదు ఫ్లాట్ల వాళ్లని కలుపుకోండి. కొత్త కంపెనీతో ఒక పేజీ లెటర్ రాయించండి: తీగ లిఫ్ట్ పక్క డక్ట్‌లోంచే వస్తుంది, బయటి గోడకి మేకులు కొట్టం, రంధ్రాలు పూడుస్తాం, వచ్చే ముందు వాచ్‌మ్యాన్ దగ్గర సంతకం పెడతాం. దాన్ని జనరల్ బాడీలో పెట్టించి, ఒప్పుకున్నారని మినిట్స్‌లో రాయించండి. నోటిమాట మీద వదిలేస్తే వచ్చే ఏడాది కొత్త సెక్రటరీ వచ్చి మళ్లీ మొదటికి తెస్తాడు.

అద్దె ఇల్లయితే గోడకి డ్రిల్ వేసే ముందు ఓనర్‌కి వాట్సాప్‌లో అయినా మెసేజ్ పెట్టి, "సరే" అన్న జవాబు దాచుకోండి. అడ్వాన్స్ తిరిగిచ్చేటప్పుడు ఆ రంధ్రం ఖరీదు ఎంతవుతుందో ఊహించలేరు.

కొత్తిల్లు కడుతున్నవాళ్లకి ఒక మాట: స్లాబ్ వేసేముందే డాబా మీద నుంచి హాల్లోకి, హాల్లోంచి ఒక్కో గదికీ కరెంటు పైపు కాకుండా విడిగా 25 ఎంఎం పీవీసీ పైపు వేయించి, లోపల ఒక లాగుడు తీగ వదిలేయండి. అప్పుడు వందల్లో అయ్యే పని తర్వాత గోడ కోయించి వేలల్లో చేయించుకోవాలి.

కాగితాలు, డబ్బు

కనెక్షన్ తీసుకునేవాళ్ల గుర్తింపు, చిరునామా చూడటం కంపెనీ బాధ్యత. ఆధార్ ఇవ్వొచ్చు, అద్దెవాళ్లయితే రెంటల్ అగ్రిమెంట్ కూడా అడుగుతారు. జిరాక్స్ ఇస్తే దాని మీద "ఇంటర్నెట్ కనెక్షన్ కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయండి. కనెక్షన్ ఎవరు వాడతారో వాళ్ల పేరు మీదే తీసుకోండి, మీ లైను మీద ఎవరేం చేసినా పోలీసులు మొదట వెతుక్కుంటూ వచ్చేది బిల్లు మీది పేరునే. పక్క ఫ్లాట్‌వాళ్లకి పాస్‌వర్డ్ ఇచ్చి సగం డబ్బులు పంచుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

నెలకి 499 అని బోర్డు మీద ఉంటే మీరు కట్టేది 588 రూపాయల 82 పైసలు. 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. ఇవి కాగితం మీద అడిగి తెలుసుకోండి: ఇన్‌స్టలేషన్ ఎంత, తిరిగొచ్చే డిపాజిట్ ఎంత, ఓఎన్‌టీ డబ్బా (ఇంట్లో ఫైబర్ తీగ వచ్చి చేరేది) మనదా వాళ్లదా, ఎన్ని జీబీల తర్వాత స్పీడ్ తగ్గిస్తారు, తగ్గించాక ఎంతుంటుంది. "అన్‌లిమిటెడ్" అన్న మాటకి ఈ చివరి రెండూ చెబితేనే అర్థం. మొదటి నెల ఒక్క నెలకే కట్టండి. ఏడాదికి కడితే రెండు నెలలు ఫ్రీ అన్నా సరే, నెల చూశాక కట్టండి.

ఎంత స్పీడ్ కావాలంటే, ఇద్దరు ఇంటి నుంచి పనిచేస్తూ పిల్లలు ఇంకో గదిలో వీడియోలు చూసే ఇంటికి 100 ఎంబీపీఎస్ హాయిగా సరిపోతుంది. ఇవి బిట్లు, ఫైళ్ల సైజు బైట్లలో ఉంటుంది, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 100 ఎంబీపీఎస్ లైను మీద సెకనుకి మహా అయితే 12.5 మెగాబైట్లు దిగుతాయి. సగం మంది "నెట్ మోసం" అనేది ఈ లెక్క తెలియకే. 2023 దాకా 512 కేబీపీఎస్ వస్తే చాలు, ప్రభుత్వ లెక్కలో అది బ్రాడ్‌బ్యాండే. ఇప్పుడు కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలి. నవ్వొచ్చే అంకెలే రెండూ.

తీగ వేసే రోజు

ఆ రోజు ఇంట్లో ఉండండి. అత్తయ్యగారికి అప్పగించి ఆఫీసుకి వెళ్లిపోతే తలుపు పైనుంచి వేలాడే తీగ చూసుకుంటూ ఏళ్లు గడపాలి.

మొదట తీగని చూడండి. స్తంభం నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ కేబుల్‌లో బలం కోసం కొన్నిట్లో ఇనుప తీగ, కొన్నిట్లో ఫైబర్‌గ్లాస్ పుల్ల ఉంటాయి. గాజులో కరెంటు ప్రవహించదు, ఇనుములో ప్రవహిస్తుంది. కరెంటు తీగల పక్కనుంచి వచ్చే లైనుకి ఇనుము లేనిదే కావాలని అడగండి. ఇనుము ఉన్నదే వేస్తే, ఇంట్లోకి రాకముందే ఆ ఇనుప తీగని విడదీసి బయటే కొక్కేనికి కట్టి ఆపేయాలి. కరెంటు స్తంభం మీరు ఎక్కొద్దు, మీ వాచ్‌మ్యాన్‌నీ ఎక్కించొద్దు.

తీగ గోడలోకి దూరే చోట రెండు చిన్న జాగ్రత్తలు. డ్రిల్ లోపలి నుంచి బయటికి కాస్త కిందికి వాలి ఉండాలి. తీగ రంధ్రంలోకి దూరే ముందు యూ ఆకారంలో ఒక జానెడు కిందికి వేలాడాలి. అప్పుడు వాన నీళ్లు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతాయి. లేదంటే తీగ వెంబడే పాకి వచ్చి మీ హాలు గోడ మీద పచ్చటి మరక వేస్తాయి. రంధ్రాన్ని వైట్ సిమెంట్‌తోనో సిలికాన్‌తోనో మూయించండి. లోపల ఒక మీటరు తీగ ఎక్కువ వదిలించండి, గిన్నె మూతంత వెడల్పు చుట్టగా. అగ్గిపెట్టెలా మడిచి కుక్కితే వెలుగు అక్కడే కారిపోతుంది.

ఇక అతుకు. టెక్నీషియన్ పైతొక్క తీసి, వెంట్రుకంత గాజుని స్పిరిట్‌తో తుడిచి, చిన్న యంత్రంలో టక్కున కత్తిరించి, స్ప్లైసింగ్ మిషన్‌లో పెడతాడు. తెర మీద రెండు గాజు కొసలు ఎదురెదురుగా వచ్చి, ఒక్క మెరుపులో కలిసిపోతాయి. చూడటానికి బాగుంటుంది. మిషన్ తేకుండా ప్లాస్టిక్ కనెక్టర్ బిగించేసి వెళ్లేవాళ్లూ ఉన్నారు. పనిచేస్తుంది గానీ, ఎండకీ దుమ్ముకీ వదులైపోయేది ఇదే. అడిగి మిషన్‌తో చేయించుకోండి. కత్తిరించిన గాజు ముక్కలు నేల మీద వదలకుండా టేప్‌కి అంటించి తీసేయమనండి, పిల్లల కాళ్లలో గుచ్చుకుంటే కంటికి కూడా కనబడవు.

చివరికి తీగలో వెలుగు ఎంత వస్తోందో కొలిచే పవర్ మీటర్ పెట్టించండి. అంకె మైనస్‌లో ఉంటుంది. మైనస్ 18, మైనస్ 22 అంటే బాగున్నట్టు. మైనస్ 27 అంటే ఓఎన్‌టీ డబ్బా అంచుల మీద నడుస్తున్నట్టు, ఇవాళ వచ్చినా రేపు ఎర్ర లైటు వెలుగుతుంది. ప్రతి మూడు అంకెలకీ వెలుగు సగం అవుతుంది, అందుకని 24కీ 27కీ తేడా చిన్నది కాదు. ఆ మీటర్ని ఫోటో తీసుకోండి. ఆరు నెలల తర్వాత "మీ రౌటర్ ప్రాబ్లం సార్" అన్నప్పుడు మళ్లీ కొలిపించి పక్కన పెట్టి చూపించొచ్చు.

స్పీడ్ టెస్ట్ వైఫై మీద కాదు, ల్యాప్‌టాప్‌కి ల్యాన్ తీగ పెట్టి చేయండి. 200 ప్లాన్ తీసుకుంటే సరిగ్గా 94, 95 దగ్గర ఆగిపోతోందా? ఆ తీగలో ఎనిమిది పోగులకి నాలుగే కలిసి ఉండొచ్చు, లేదా రౌటర్ పోర్టో ల్యాప్‌టాప్ పోర్టో వంద దాకానే పనిచేసేది కావచ్చు. ముందు తీగ మార్చి చూడండి.

రౌటర్‌ని టీవీ వెనక, అలమారాలో, అక్వేరియం పక్కన పెట్టొద్దు. ఇంటి మధ్యలో, తలుపు ఎత్తున చాలు. దాని మీద అంటించి వచ్చిన పాస్‌వర్డులు రెండూ, వైఫైదీ సెట్టింగులదీ, ఆ పూటే మార్చేయండి. కరెంటు కోతలున్న ఊరైతే 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొనండి.

లైను పోతే, జవాబు లేకపోతే

ఓఎన్‌టీ డబ్బా మీద ఎల్‌ఓఎస్ అన్న చోట ఎర్ర లైటు వెలిగితే బయట తీగ తెగినట్టో వంగినట్టో. రౌటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా రాదు. లైట్లన్నీ పచ్చగా ఉండి నెట్ రాకపోతే కంపెనీ వైపు సమస్య, లేదా మీ ప్లాన్ అయిపోయింది.

టెక్నీషియన్ సొంత నంబరుకి ఫోన్ చేస్తే పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ కంపెనీ కస్టమర్ కేర్‌లోనూ ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. ఆ నంబరు లేకపోతే తర్వాతి మెట్లు లేవు. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం, ఫిర్యాదు గడువులోగా తేలకపోయినా, తేల్చిన తీరు నచ్చకపోయినా, 30 రోజుల్లో ఆ కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి రాయొచ్చు. ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. మరీ చిన్న ఆపరేటర్లకి ఇందులో మినహాయింపు ఉంది. నేరుగా ట్రాయ్‌కి రాస్తే లాభం లేదు, అది ఒక్కొక్కరి ఫిర్యాదులు విడివిడిగా విచారించదు.

అక్కడా తేలకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం కేసులు అక్కడ చెల్లవని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెల్లుతాయని తేల్చేసింది. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు.

నేను ఇంత దూరం వెళ్లలేదు. అప్పీలు మెయిల్‌కి తీగ ఫోటోలు, కట్టిన రశీదు జతచేసి పంపిన నాలుగో రోజు ఇద్దరు కుర్రాళ్లు నిచ్చెనతో వచ్చారు. ఈసారి లైను పక్కింటి పిట్టగోడ మీదుగా కాకుండా మా సొంత సజ్జ కిందుగా తిప్పి వేశారు. పోయిన మూడు వారాలూ ప్లాన్ చివర కలిపారు. ఆ తర్వాత ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓఎన్‌టీ డబ్బా, అడాప్టర్ వెనక్కిచ్చి, సీరియల్ నంబరు రాసిన రశీదు అడిగాను. కుర్రాడు తల గోక్కున్నాడు. "రశీదు ఎవరూ అడగరు సార్" అంటూనే నా నోట్‌బుక్‌లోంచి కాగితం చించి రాసిచ్చాడు. రెండు నెలల తర్వాత డబ్బా ఇవ్వలేదని ఫోన్ వచ్చినప్పుడు ఆ కాగితం ఫోటో పంపాను. మళ్లీ ఫోన్ రాలేదు.